గదిలో అయిదుగురం, లెక్కలో నలభై భోజనాలు

పెద్దదానికి పదేళ్ళు నిండింది 2024 మే నెలాఖరులో. మేం ఆర్లాండో బయల్దేరింది జూన్ 12న. మధ్యలో ఉన్న ఆ రెండు వారాల ఖరీదు ఒక్క తిండికే 132 డాలర్ల 72 సెంట్లు. వాల్ట్ డిస్నీ వరల్డ్ లెక్కలో మూడు నుంచి తొమ్మిదేళ్ళ దాకా పిల్లలు, పది నిండితే పెద్దలు. టికెట్టుకీ అంతే, తిండికీ అంతే. మా పెద్దది అప్పటికి ఇంకా ఇడ్లీలు రెండు పెడితే ఒకటిన్నర తిని లేచిపోయే పిల్ల.

మేం ఉండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్ ఊళ్ళో. ఆ వేసవికి మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. నాలుగు రాత్రుల ప్రయాణం. మావారు, నేను, అత్తయ్య, పెద్దది, అయిదేళ్ళ చిన్నోడు. కోవిడ్ వచ్చిన 2020లో ఆపేసిన భోజనాల ప్లాన్‌ని డిస్నీవాళ్ళు 2024 జనవరి 9 నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళ హోటల్లో దిగి, గదీ టికెట్లూ కలిపి ప్యాకేజీగా కొన్న మాలాంటివాళ్ళు దాన్ని కలుపుకోవచ్చు. తీసుకోవాలా వద్దా అని మావారూ నేనూ వారం రోజులు రాత్రిళ్ళు వంటింట్లో కూర్చుని లెక్కలు వేశాం.

రెండు రకాలు ఉన్నాయి. కౌంటర్లో తెచ్చుకుని తినేది ఒకటి: 2024లో ఒక్కో రాత్రికి పెద్దవాళ్ళకి 57 డాలర్ల ఒక సెంటు, పిల్లలకి 23 డాలర్ల 83 సెంట్లు. దానికి మనిషికి రెండు కౌంటర్ భోజనాలు, ఒక చిరుతిండి. రెండోది బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించేది: అప్పట్లో పెద్దలకి 94 డాలర్ల 28 సెంట్లు, పిల్లలకి 29 డాలర్ల 69 సెంట్లు. దానికి ఒక కౌంటర్ భోజనం, ఒక బల్ల భోజనం, ఒక చిరుతిండి. రెండింటిలోనూ హోటల్లో ఎన్నిసార్లయినా కాఫీ, కూల్‌డ్రింకు నింపుకునే మగ్గు ఒకటి. వడ్డించినవాళ్ళకి ఇచ్చే టిప్పు మాత్రం మన జేబులోంచే. గదిలో మూడేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ ఒకే ప్లాన్‌లో ఉండాలి. ఒకళ్ళకి కట్టి ఒకళ్ళకి మానడం కుదరదు.

మావారు కాగితం మీద రాశారు. మొదటి రకం అయితే నాలుగు రాత్రులకి 1,007 డాలర్ల 48 సెంట్లు. రెండోది అయితే 1,627 దాటుతుంది. "నలభై భోజనాలు వస్తాయి, ఇరవై చిరుతిళ్ళు" అన్నారు. ఆయనకి ఆ నలభై ఎక్కువగా కనిపించింది. నాకు మాత్రం కనిపించింది వేరే.

చిన్నప్పుడు నాన్న మమ్మల్ని హైదరాబాద్ తీసుకెళ్ళి నాంపల్లి నుమాయిష్ చూపించారు. మిర్చి బజ్జీల బండి దగ్గర నేను ఆగాను. నాన్న జేబులో చెయ్యి పెట్టి, నోట్లు బయటికి తియ్యకుండానే వేళ్ళతో లెక్కపెట్టుకుని, "ఇంటికెళ్ళి తిందాం తల్లీ" అన్నారు. ఆయన వేళ్ళు జేబులో కదలడం నాకిప్పటికీ కళ్ళ ముందు ఉంది. నా పిల్లలు ఏదడిగినా ఆ నాలుగు రోజులు నేను ధరల బోర్డు వంక చూడకూడదు, అంతే. ముందే కట్టేస్తే చూడక్కర్లేదు కదా. "తీసుకుందామండీ" అన్నాను. కౌంటర్ ప్లాన్ తీసుకున్నాం.

అత్తయ్యకి ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ విని, "సరేనమ్మా" అని, బయల్దేరే ముందురోజు పొద్దున్నే లేచి పులిహోర కలిపారు. చపాతీలు చేశారు, కందిపొడి కొట్టారు. మాగాయ చిన్న సీసాలోంచి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చారు, పార్కులోకి గాజు సీసాలు రానివ్వరని మావారు చెప్పినందుకు. బయటి తిండి తీసుకెళ్ళొచ్చు అక్కడ, వేడి చెయ్యాల్సినది కాకపోతే చాలు. కూలర్లో విడి ఐసు పొయ్యకూడదు. అందుకని నీళ్ళ సీసాలు గడ్డకట్టించి డబ్బాల మధ్య సర్దాం.

"అన్నిటికీ కట్టేశాం కదా అత్తయ్యా, ఇదంతా ఎందుకు?" అన్నాను.

"దారిలోకి" అన్నారు ఆవిడ.

ఐ-75 మీద ఎనిమిది గంటల దారి. దారిలో సగం కూడా ఖాళీ కాలేదు ఆ డబ్బాలు.

గురువారం పొద్దున మ్యాజిక్ కింగ్‌డమ్. సంచులు చూసే చోట ఒక పెద్దాయన అత్తయ్య చేతిసంచి తెరిచి స్టీలు డబ్బా బయటికి తీశాడు. మూత తీశాడు. పసుపు, ఇంగువ, వేగిన వేరుశెనగపప్పు వాసన గుప్పుమంది. అత్తయ్య ముఖం చిన్నబోయింది, తీసేసుకుంటాడేమోనని. ఆయన వంగి చూసి, "లెమన్ రైస్?" అన్నాడు. చింతపండు అని చెప్పబోయి ఊరుకున్నాను. మూత జాగ్రత్తగా నొక్కి, డబ్బా రెండు చేతుల్తో ఆవిడకి ఇచ్చాడు. "మంచివాడు, మూత సరిగ్గా పెట్టాడు" అని అత్తయ్య ఆ రోజంతా చెప్పుకున్నారు.

మధ్యాహ్నం మొదటిసారి అయిదుగురికీ అయిదు ట్రేలు తెచ్చుకున్నాం. మెక్సికన్ తిండి దొరికే చోటు. అన్నం, చిక్కుడు గింజలు, కూరగాయల గిన్నెలు. మా ఇంట్లో మాంసం లేదు, గుడ్డు లేదు. అక్కడ మొక్కల నుంచి వచ్చినవాటితోనే చేసినదానికి మెనూలో ఆకు గుర్తు ఉంటుంది, కాబట్టి వెతుక్కునే కష్టం పడలేదు. ఒక్కొక్క గిన్నె మా ఇంట్లో ఇద్దరి భోజనం. పెద్దదానికి "పెద్దల" గిన్నె వచ్చింది, మూడో వంతు తిన్నది. చిన్నోడికి పిల్లల భోజనం విడిగా వచ్చింది, దాన్ని ముట్టుకోకుండా అక్క గిన్నెలో అన్నం తిన్నాడు. అత్తయ్య రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, సంచిలోంచి పులిహోర తీశారు. నేనూ మావారూ ఎవరి గిన్నె వాళ్ళు పూర్తి చేసి, మిగిలినవి కూడా కాస్త కాస్త తిని, ఇక వల్లకాక ఆగిపోయాం.

బల్ల మీద రెండున్నర గిన్నెల తిండి మిగిలింది. ఎండలో కూలర్ మళ్ళీ తెరిచి అవి సర్దడానికి చోటు లేదు. మావారు ట్రేలు ఎత్తుకుని చెత్తబుట్ట దగ్గరికి నడుస్తుంటే అత్తయ్య లేచి నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఆయన తిరిగి వచ్చేదాకా నిలబడే ఉన్నారు.

అప్పుడు నాకు తట్టింది. మేం ఇంట్లో మనిషికి ఒక పళ్ళెం లెక్కన తినం. గిన్నె మధ్యలో ఉంటుంది. చిన్నోడు వదిలింది నేను తింటాను, పెద్దది సగం చపాతీ తుంచి నాన్నకి ఇస్తుంది, నానమ్మ తన మీగడ పెరుగు మనవడి గిన్నెలోకి వేస్తారు. అయిదుగురం ఉన్నా మేం తినేది మూడు భోజనాలు. ప్లాన్ మనుషుల్ని లెక్కపెట్టి కట్టించుకుంటుంది. ఆ లెక్క వేసినప్పుడు మేం మా ఇంటి బల్ల దగ్గరే కూర్చున్నాం. మా బల్ల మీద తిండి ఎలా తిరుగుతుందో ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది.

దాని మంచి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం చిన్నోడు అనాసపండు మెత్తని ఐస్‌క్రీం, డోల్ విప్ అంటారు, అడిగాడు. "తీసుకో నాన్నా" అన్నాను. ధర ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. చేతికి కట్టుకున్న పట్టీ యంత్రానికి తాకిస్తే అయిపోయింది. వాడు దాన్ని పట్టుకుని నా ముందు నడుస్తూ, మోచేతి దాకా కారుతున్నది నాకుతూ, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు. ఆ నిమిషానికి నేను ప్లాన్ కొన్నందుకు సంతోషించాను. ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో నా మాట మార్చుకోను. లెక్క చూసుకోకుండా పిల్లలకి సరే అనగలగడం పెద్ద సుఖం. ఆ సుఖానికి ఎవరైనా డబ్బు కడితే నేను తప్పు పట్టను.

శుక్రవారం పొద్దున షెఫ్ మిక్కీస్. మిక్కీ మనం తినే బల్ల దగ్గరికే వచ్చే హోటలు అది. కాంటెంపరరీ రిసార్ట్‌లో ఉంది, మోనోరైలు ఆ భవనంలోంచే దూసుకుపోతుంది. చిన్నోడు ఏడాదిగా అడుగుతున్నది దీన్నే. మా కౌంటర్ ప్లాన్‌లో అది రాదు. అరవై రోజుల ముందే రెండు కుర్చీలకి బుక్ చేసి పెట్టాను, వాడికీ నాకూ. మిగతా ముగ్గురూ గదిలో చపాతీ, కందిపొడి తిన్నారు.

వాడు తిన్నది మిక్కీ ఆకారం వాఫిల్‌లో ఒక చెవి. అంతే. మిక్కీ వచ్చి వాడి భుజం మీద తెల్లని గ్లవ్ చెయ్యి వేసేసరికి రెండో చెవి చేతిలోనే ఉండిపోయింది. వాడు ఆ చేతిని దింపలేదు, నోట్లో ఉన్నది నమలలేదు. మిక్కీ వెళ్ళిపోయాక కూడా చాలాసేపు కుర్చీ అంచున కూర్చుని, "అమ్మా, మిక్కీకి నా పేరు తెలుసా?" అన్నాడు. ఆ వాఫిల్ చెవిని కాగితం రుమాలులో చుట్టి గదికి తెచ్చి నానమ్మకి ఇచ్చాడు. ఆవిడ వాడి ముందే తిన్నారు, గుడ్డు కలిసి ఉంటుందేమోనని నేను లోలోపల భయపడుతున్నా. తర్వాత నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.

ఇలా పాత్రలతో కూర్చుని తినడమే ముఖ్యం అనుకునే ఇళ్ళకి లెక్క తలకిందులవుతుంది. 2024 ధరల్లో అలాంటి చోట్ల పిల్లల బఫే ఒక్కటే బల్ల ప్లాన్‌లో పిల్లల రోజు ఖర్చుని దాటిపోయేది. మా వీధిలోనే ఇంకో తెలుగు కుటుంబం అదే వేసవిలో బల్ల ప్లాన్‌తో వెళ్ళింది. ఏడేళ్ళవాడు, నాలుగేళ్ళ పాప. ఇంటిల్లిపాదీ చికెన్ ఇష్టంగా తింటారు, ఇద్దరు పిల్లలూ కూర్చోబెడితే కూర్చుంటారు. రోజుకో చోట పాత్రలతో భోజనం బుక్ చేసుకుని, ఆ వేళకి తగ్గట్టు తిరిగి, సాయంత్రం తిండితో పాటు ఇంటాయన బీరు కూడా ప్లాన్‌లోనే తీసుకుని, హాయిగా వచ్చారు. ఇరవయ్యొక్కేళ్ళు నిండినవాళ్ళకి భోజనంతో ఇచ్చే పానీయం మందయినా సరే. ఆ ఇంటావిడ నాతో, "నాలుగు రోజులు ఏం వండాలి, ఎక్కడ తినాలి అని బుర్ర పాడుచేసుకోలేదు, అదే నాకు సెలవు" అన్నది. ఆ మాట నిజం, వాళ్ళ ఇంటికి.

మాకు శనివారం వచ్చింది. అత్తయ్య శనివారాలు ఒంటిపూట. వెంకటేశ్వరస్వామికి మొక్కు, ముప్ఫై ఏళ్ళుగా. మధ్యాహ్నం అన్నం, రాత్రికి పళ్ళో పాలో. ఆ రోజుకి కూడా ఆవిడ పేరు మీద 57 డాలర్లు కట్టి ఉన్నాం.

యానిమల్ కింగ్‌డమ్‌లో పాండోరా దగ్గర సతూలీ క్యాంటీన్ అని ఉంది. అన్నం గానీ ఆలుగడ్డలు గానీ ఎంచుకుని, పైన టోఫూ, కూరలు వేయించుకునే గిన్నెలు. మొత్తం నాలుగు రోజుల్లో మాకు అన్నిటికన్నా నచ్చిన తిండి అదే. అత్తయ్య కూడా, "ఇది తినొచ్చు" అన్నారు. మూడు గిన్నెలే తీసుకున్నాం ఈసారి, అయిదుగురం మధ్యలో పెట్టుకుని తిన్నాం. ఏమీ మిగల్లేదు. చిన్నోడు గిన్నె అడుగు చెంచాతో గీకాడు.

మూడింటికి మబ్బు పట్టింది. ఫ్లోరిడా జూన్ వాన మన జ్యేష్ఠమాసపు గాలివానలాగే, చెప్పకుండా వచ్చి చేతులు ఎత్తేయిస్తుంది. ఉరుములకి సవారీలు చాలావరకు ఆపేశారు. చిన్నోడు నా భుజం మీద నిద్రపోయాడు. బస్సులో గదికి వచ్చేసరికి అయిదు. టీవీ కింద గోడలోంచి దింపే చిన్న మంచం ఉంది ఆ గదిలో, కరిబియన్ బీచ్‌లో, పిల్లాడి కొలతకి చేసింది. దాని మీద పడుకోబెడితే తెల్లారేదాకా లేవలేదు. రాత్రి వాడికి భోజనం లేదు. పెద్దది పెరుగూ అటుకులూ తిని నానమ్మ పక్కన పడుకుంది. పాలు తాగి అత్తయ్య కూడా నిద్రపోయారు.

నేనూ మావారూ దీపం ఒకటే ఉంచుకుని ఫోన్‌లో మిగులు చూశాం. నలభైలో ఇరవై ఎనిమిది వాడాం. పన్నెండు భోజనాలు, తొమ్మిది చిరుతిళ్ళు మిగిలాయి. ఖాళీ చేసే రోజు అర్ధరాత్రి దాటితే అవి ఉండవు. మేం పొద్దున పదింటికల్లా బయల్దేరాలి.

"లెక్క తప్పలేదు కదా నేను?" అన్నారాయన నెమ్మదిగా.

"తప్పలేదండీ. పిల్లల ఆకలి మన లెక్కలో లేదు, అంతే" అన్నాను.

ఆదివారం పొద్దున హోటల్ ఫుడ్ కోర్టులో మేం చేసిన పని నాకు నచ్చలేదు. ఆకలి లేకుండా తిండి కొన్నాం. పెద్దది చేతిలో కాగితం పట్టుకుని, "అమ్మా, ఇంకా నాలుగున్నాయి, ఇంకా మూడున్నాయి" అని చదువుతుంటే నేను డబ్బాలు అందుకుంటున్నాను. పదేళ్ళ పిల్లకి తిండిని అలా చూడటం నేర్పిస్తున్నానని ఒళ్ళు జలదరించింది. శాండ్‌విచ్‌లు, పళ్ళ ముక్కలు, పెరుగు గ్లాసులు, మిక్కీ తల ఆకారంలో చేసిన మరమరాల తీపి బిళ్ళలు. ఆ బిళ్ళల్లో జెలటిన్ ఉంటుందని దారిలో పెద్దదే పొట్లం మీద చదివి చెప్పింది. అవి మేం తినం. జార్జియా సరిహద్దు దాటాక ఒక విశ్రాంతి చోట ఆగి కూలర్ తెరిస్తే శాండ్‌విచ్‌లు నీరుకారి మెత్తబడిపోయాయి. అత్తయ్య డబ్బాలో పులిహోర మాత్రం ఇంకో పిడికెడు మిగిలి ఉంది. పిల్లలిద్దరూ అదే పంచుకున్నారు.

మరుసటి ఏడాది, 2025 వేసవిలో, ప్లాన్ లేకుండా వెళ్ళాం. అత్తయ్య తెనాలి వెళ్ళిపోయారు కాబట్టి నలుగురమే. మావారు ప్రతి బిల్లూ చిన్న పుస్తకంలో రాశారు. రెండు గిన్నెలు కొని నలుగురం తినడం, కౌంటర్లో అడిగితే ఊరికే ఇచ్చే ఐసు నీళ్ళు, కూలర్లో దద్దోజనం. ఐస్‌క్రీం దగ్గర మాత్రం ధర చూడకూడదని మేమిద్దరం ఇంట్లోనే ఒట్టు వేసుకున్నాం. నాలుగు రాత్రులకి తిండి ఖర్చు మొత్తం 540 డాలర్లు కూడా కాలేదు. అందులోనే సనా కూడా ఉంది.

సనా సంగతి కాస్త చెప్పాలి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో ఉండే హోటలు. ఆఫ్రికా వంటలూ మన వంటలూ కలుస్తాయి అక్కడ. కిటికీ అవతల పచ్చిక, దాని మీద జిరాఫీలు, జీబ్రాలు. మేం అడిగింది రొట్టెల పళ్ళెం. నాన్, వెల్లుల్లి నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా లాంటివి అయిదు రకాలు. వాటికి తొమ్మిది చిన్న గిన్నెల్లో రైతా, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఇంకా ఏవేవో. బల్ల ప్లాన్‌లో ఉన్నా ఇది విడిగా కొనుక్కోవాల్సిందే, ఎందుకంటే ప్లాన్‌లో వచ్చేది ప్రధాన వంటకం, తీపి, పానీయం. ముందు తినేవి రావు. మేం కొన్నది ఒకటే పళ్ళెం. నాలుగు జతల చేతులు ఒకేసారి దాని మీద పడ్డాయి. చిన్నోడు ఒక్కో గిన్నెలో వేలు ముంచి నాకి, "ఇది నానమ్మది" అని వెల్లుల్లి పచ్చడి పక్కకి జరిపాడు. జిరాఫీ ఒకటి కిటికీకి దగ్గరగా వచ్చి ఆకులు నములుతూ నిలబడింది, అది కూడా మాతో పాటు తింటున్నట్టే.

ఆ ఫోటో పంపితే అత్తయ్య వెంటనే ఫోన్ చేశారు. అక్కడ తెల్లవారుజాము. "రొట్టెలోకి తొమ్మిది పచ్చళ్ళేంటమ్మాయ్?" అన్నారు.

ఈమధ్య మా తోడికోడలు డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ళూ వెళ్తున్నారట. పిల్లలకి ఎనిమిది, అయిదు. 2026లో పెద్దవాళ్ళు ప్యాకేజీతో ప్లాన్ కొంటే మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకి ప్లాన్ ఉచితమని ప్రకటించారు కదా, తీసుకోవాలా అక్కా అని. వాళ్ళ పిల్లలు చికెన్ ముక్కలు కనిపిస్తే వదలరు, రాకుమార్తెలందరితోనూ కూర్చుని తినాలట. "తీసుకో. పిల్లలకి పది నిండకముందే వెళ్ళు" అన్నాను, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

అత్తయ్య ఈసారి వాళ్ళింట్లో ఉన్నారు. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "నేనూ వెళ్తున్నా కదా, నాకూ కట్టాలా?"

"అదే గదిలో ఉంటే కట్టాలి అత్తయ్యా."

"శనివారం కూడానా?"

"శనివారం కూడా."

కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. తోడికోడలు కాగితం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"ఆ లెక్క మీరు చూసుకోండి" అన్నారు అత్తయ్య. "ఆ తొమ్మిది పచ్చళ్ళ హోటలు పేరేంటమ్మాయ్?"

"సనా అత్తయ్యా. రెండు నెలల ముందే బుక్ చేయించండి. కిటికీ పక్క బల్ల అడగమనండి, జిరాఫీలు కనిపిస్తాయి."